చైత్రానికి ముందే కట్టిన దారి

మొన్న మా వీధి చివర అద్దెకుంటున్న కుర్ర పంతులమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ల బళ్లో పిల్లలకి ఆటలమ్మ పోస్తోందట. పరీక్షలేమో దగ్గర పడ్డాయట. బడి మూసేద్దామని కొందరు టీచర్లు, మూయొద్దని కొందరు, మధ్యలో హెడ్మాస్టరుగారు తల పట్టుకుని కూర్చున్నారట. "మీరు ఇన్నేళ్లు పనిచేశారు కదండీ, మీరైతే ఏం చేసేవారు?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. "హెడ్మాస్టరుకి జీతమిచ్చేది అందుకే కదా, ఆయన్నే తేల్చుకోమను" అని కసిరాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

నా కోపం ఆ అమ్మాయి మీద కాదు, ఆ ప్రశ్న మీద. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒక మనిషిలాగా ఏళ్ల తరబడి కాపురం చేసింది. మా ఆయన పోయేదాకా మాతోనే తిన్నది, మాతోనే పడుకుంది. ఆ అమ్మాయిని కసిరినందుకు రాత్రంతా మనసు పీకి, చివరికి ఈ నాలుగు ముక్కలూ రాద్దామని కూర్చున్నాను. ఆమె, ఆమెలాంటి కొత్త టీచర్లూ చదువుకుంటారు. ఇందులో సలహా దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

మన్యంలో పితూరీ అణిగిపోయిన తర్వాతి రోజులవి. పటాలాలు దిగిపోయాయి గాని, ఖాకీ బట్ట కనబడితే కొండజనం ఇంకా చెట్ల చాటుకు పోతూనే ఉన్నారు. అప్పుడు పైవాళ్లకు ఒక మంచి బుద్ధి పుట్టింది. అరకు లోయలో ఒక బడి పెట్టి, చుట్టుపక్కల కొండల మీది పిల్లల్ని అక్కడే ఉంచి, తిండి పెట్టి చదువు చెప్పాలని. హెడ్మాస్టరు పోస్టుకి మైదానంలో ఎవరూ ముందుకు రాలేదు. మన్యపు జ్వరం పేరు చెబితే చాలు, ఉద్యోగం లేనివాడు కూడా నాకు వేరే పని ఉందనేవాడు. మిషను బళ్లో చదివి ట్రైనింగయిన మా దంపతులకు ఆ అదృష్టం దక్కింది. ఆయన హెడ్మాస్టరు, నేను రెండో టీచరును, మూడో టీచరు లేడు. వంటమనిషిని తొందర్లోనే వేస్తామన్నారు. నేను రిటైరయ్యేనాటికి కూడా వేసినట్టు లేదు.

శృంగవరపుకోటలో బండెక్కి ఘాటీ దారిన వెళ్లాం. సగం దారి నేను దిగి నడిచాను. ఎడ్ల మీద జాలితో కాదు, బండి లోయలోకి ఒరిగిపోతుందేమోనన్న భయంతో. బడి అంటే మట్టిగోడల మీద గడ్డికప్పు వేసిన పొడవాటి సాల. పగలు అందులోనే పాఠాలు, రాత్రి అందులోనే పడక. వెనక వంటపాక, దాని పక్కన మేముండే గది. కింద గెడ్డ పారుతూ ఉండేది. కాస్త దూరంలో వారం వారం సంత జరిగేది. సంత పక్కనే కోట నుంచి వచ్చిన ఒక కోమటాయన కొట్టు. మా పిల్లల బియ్యం, పప్పు, ఉప్పు అన్నీ ఆయన దగ్గర్నుంచే.

మొదట్లో పిల్లల్ని ఎవరూ పంపలేదు. పంపిన మొదటి మనిషి సంతలో కోమటాయనకి బరువులు మోసే ఒక కొండాయన. తూర్పు కొండ దాటి అవతల ఉన్న ఊరు ఆయనది. అందరికన్నా దూరం. సంతకు తిరగడం వల్ల తెలుగు బాగా వచ్చు. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఆడగుంటకి సదువెందుకని మా ఊరోల్లు నవ్వుతన్నారు బాబూ" అన్నాడు మా ఆయనతో. "నవ్వనీ. కచేరీకాడ మాము నోరిప్పలేక సేతులు కట్టుకు నిలబడతన్నాము. ఇది నిలబడి మాటాడాల."

అని ఊరుకోలేదు. మా ఆయన కుడిచేయి పట్టుకుని, పిల్ల చేతిని అందులో పెట్టాడు. "నా సేత్తో నీ సేతిలో పెట్టినాను. మల్లీ నీ సేత్తోనే నా సేతిలో పెట్టాల. మద్దిలో ఎవుల సేతికీ ఇయ్యకు."

"అలాగేనయ్యా" అన్నారు మా ఆయన.

ఆయనకి మాటంటే చచ్చేంత పట్టింపు. కూరలో ఉప్పు వేశానని నేను అబద్ధమాడితే రెండు రోజులు పలకరించేవారు కాదు. అలాంటి మనిషిని చూసి కట్టేశాడు ఆ కొండాయన. ఆ సంగతి సంతలో పాకిపోయి, తర్వాత వచ్చిన తల్లిదండ్రులంతా అదే పద్ధతి పట్టారు. ఒక్కో పిల్లవాడి చేతినీ ఈయన చేతిలో పెట్టడం, ఈయన "అలాగేనయ్యా" అనడం. బడి నిండిపోయింది. నేను వెక్కిరించేదాన్ని కూడా, బళ్లోకి పిల్లలొస్తున్నారా, మీకు కన్యాదానాలు జరుగుతున్నాయా అని.

ఆ కొండాయన కూతురు, ఆ గుంట, బళ్లో నాకు పెద్ద తలనొప్పి. తల దువ్వబోతే పారిపోయేది. గుమ్మం దగ్గర తప్ప ఎక్కడా పడుకోదు. అక్షరాలు మాత్రం ఇట్టే పట్టేసింది. సంత రోజు తండ్రి కనబడగానే దూకి మెడ పట్టుకుని, ఆ వారం నేర్చుకున్నదంతా ఒక్క గుక్కలో అప్పజెప్పేది. ఆయనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా "ఊ, ఊ" అంటూ తల ఊపుతూనే ఉండేవాడు.

చైత్రంలో కొండమీద పెద్ద పండగ. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడో కర్రో కట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయేవాళ్లని ఆపి కానీయో అర్ధణాయో పుచ్చుకుని గాని వదలరు. హెడ్మాస్టరని, సర్కారువారని చూడరు. మొదటి ఏడు చైత్రంలో మా ఆయన్ని ఆపి ఆయన గొడుగే లాక్కున్నారు. ఆ పండగతో బడికి వేసవి సెలవులు. పిల్లలంతా ఆ రోజు కోసం వేలు మడిచి లెక్కపెట్టుకుంటూ ఉండేవారు.

రెండో ఏడు ఫాల్గుణంలో ఒక సంత రోజు. పొద్దున్నే నేను ఎండుచేపలకని వెళ్లాను. సంత పలచగా ఉంది. తూర్పు కొండ అవతలివాళ్లు కూర్చునే చోటు బోసిగా ఉంది. అడ్డాకుల కట్టలు లేవు, చింతపండు గంపలు లేవు. ఆ గుంట తండ్రి కూడా రాలేదు. పక్కవాళ్లను అడిగితే చేపల బుట్టలోకి చూస్తారు తప్ప నా మొహంలోకి చూడరు. తిరిగొచ్చి మా ఆయనతో చెబితే, ఇద్దరం కోమటాయన దగ్గరికి వెళ్లాం. ఆయన కొట్లో సామాన్లు మూటలు కడుతున్నాడు.

"పంతులుగారూ, అమ్మవారు తిరుగుతోందండి" అన్నాడు గొంతు తగ్గించి. "ఈళ్లు సెప్పరు. పేరు నోటంట అంటే పిలిసినట్టేనట. అవతల రెండూళ్లు దారులు కట్టేసుకున్నాయి. ఇంక ఇవతలోళ్లు కూడా కట్టేస్తారు. నాను రేపు పొద్దున్నే కోటకి దిగిపోతన్నాను. పిల్లలు గలోణ్ని."

"మరి మా పిల్లలకి బియ్యం ఎవరిస్తారండీ?" అన్నాను.

"ఉన్న బస్తా మీకొదిలేసి పోతానమ్మా. ఆ తరవాత మీ దేవుడు, మా దేవుడు కలిసి సూసుకోవాల."

దారి కట్టడమంటే ఏమిటో అప్పటికి మాకు వినికిడే తప్ప కళ్లతో చూడలేదు. మశూచి భయం పుట్టగానే ఊళ్లో పూజలు చేసి మంచిచెడ్డలు చెప్పే దిసారి పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేయిస్తాడు. ఆపైన లోపలివాడు బయటికి రాకూడదు, బయటివాడు లోపలికి పోకూడదు. సొంత ఊరివాడైనా సరే, కట్టినప్పుడు బయట ఉన్నవాడు బయటే. మళ్లీ దిసారి విప్పమనేదాకా అంతే.

పిల్లలకు టీకాలు లేవు. టీకాల ఉద్యోగి కోతలయ్యాక వస్తానని కబురు పెట్టాడు. కోతలు అయ్యాయి, నూర్పిళ్లు అయ్యాయి, ఆయన రాలేదు. మా ఇద్దరికీ చిన్నప్పుడే పడ్డాయి కాబట్టి మాకు భయం లేదు. అదే మా ఆయనకి సిగ్గుగా ఉండేది.

బడికి తిరిగొచ్చాక వంటపాకలో మా ఇద్దరికీ పోట్లాట అయింది. పిల్లలు బయట ఆడుకుంటున్నారు.

"ఏటంటావు?" అన్నారాయన.

"అనడానికేటుంది? పండగ సెలవులకి ముందే ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారు. ఆయనొచ్చేసరికి ఖాళీ సాల చూపిస్తే బాగుంటుందా? పిల్లలు ఇప్పుడిప్పుడే లెక్కలు పడుతున్నారు. ఇక్కడ ఎవరికీ జబ్బు లేదు. ఉంచేద్దాం."

"మూస్తే ఇవాళే మూయాల. ఊళ్లు కట్టేసినాక మూసినా ఒకటే, మూయకపోయినా ఒకటే. పిల్లలెటూ పోలేరు."

"పోలేకపోతే ఇక్కడే ఉంటారు."

"ఏటి పెట్టి ఉంచుతావు? ఒక్క బస్తా. రేపు ఒక్కడికి ఒళ్లు వెచ్చబడితే అందరూ ఈ ఒక్క కప్పు కిందే కదా పడుకునేది? ఒక్కో తండ్రికీ మాటిచ్చినాను. ఆడి సేతిలో పిల్లణ్ని పెడతానన్నాను గాని, చావుకబురు పెడతాననలేదు."

"పైవాళ్లకి రాసి అడగండి."

"ఆ జవాబొచ్చేసరికి చైత్రం ఎళ్లిపోద్ది" అన్నారు.

నా వాదన గుర్తుపెట్టుకోండి. పిల్లలు ఇక్కడుంటే బతుకుతారని నేను అనలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు. నా భయమంతా ఇన్‌స్పెక్టరు గురించి. తర్వాత ఎవరైనా "అమ్మగారు ముందే వద్దన్నారటగా" అని నన్ను మెచ్చుకోబోతే నాకు నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆయన గదిలోకి పోయి మోకాళ్లమీద చాలాసేపు ప్రార్థన చేసుకున్నారు. బయటికొచ్చి గంట కొట్టారు. గంటంటే వేలాడదీసిన ఇనపముక్క. పిల్లలు పరిగెత్తుకొచ్చారు. సెలవులిచ్చేస్తున్నామనీ, సంతకొచ్చిన మీ వాళ్లతో ఇవాళే ఇళ్లకు వెళ్లిపోవచ్చనీ చెప్పారు. అంతే, సాల కప్పు లేచిపోయేంత కేక. పిల్లలకి సెలవంటే సెలవే కదా, ఎందుకిచ్చారో ఎవడికి కావాలి?

మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా ఆయన బడి వాకిట్లోనే నిలబడ్డారు. వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ "మీ ఊళ్లో ఏమైనా ఉందా?" అని అడిగారు. "ఏటీ లేదు బాబూ" అనేవాళ్లు కొందరు. నేలచూపులు చూసి ఊరుకున్నవాళ్లు కొందరు. ఊరుకుంటే లేదనే మేం అనుకున్నాం. పేరంటే పిలిచినట్టేనని పొద్దున్నే కోమటాయన చెప్పాడు. మేమూ విన్నాం. విన్నది విన్నట్టే ఉంది, మధ్యాహ్నానికి మా బుర్రలోకి ఎక్కలేదు. చదువుకున్నవాళ్లం కదా, అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చి తీరుతుందని మా నమ్మకం.

ఒక్కో పిల్లవాడి చేయి పట్టుకుని తండ్రి చేతిలోనో తల్లి చేతిలోనో పెట్టి పంపారు. ఎక్కాలంటే చెవి కోసుకునే గుంటడొకడు ఉండేవాడు. పలక నెత్తిమీద బోర్లించుకుని, తండ్రి వెనకాల నడుస్తూ, పదమూడో ఎక్కం అరుచుకుంటూ పోయాడు. మలుపు తిరిగాక కూడా వినబడుతూనే ఉంది. ఆఖర్న ఎక్కడో తప్పాడు. రేపు దిద్దుదాంలే అనుకున్నాను, రేపు బడి లేదన్న సంగతి మర్చిపోయి.

చీకటి పడేసరికి మిగిలింది ఆ తూర్పు కొండ గుంట ఒక్కతే. ఆమె తండ్రి రాలేదు. ఆ వైపు వెళ్లేవాళ్లు కూడా లేరు.

"రేపు నేనే తీసుకెళ్లి ఇస్తాను" అన్నారు మా ఆయన.

"అటేపే కదా రెండూళ్లు కట్టేశారంట?"

"అందుకే రేపే ఎళ్లాల. ఈళ్ల ఊరు కట్టకముందే."

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. ఖాళీ సాల్లో ఒంటరిగా ఉండలేక నేనూ వెంటబడ్డాను. తల్లికి ఇమ్మని ఆ గుంటకి అడ్డాకులో ఉప్పు పొట్లం కట్టి ఇచ్చాను. కొండమీద ఉప్పు చాలా విలువైన కానుక. దాన్ని రెండు చేతులతో గుండెకు పట్టుకుని మాకన్నా ముందు గెంతుకుంటూ పోయింది. ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉన్నాయి. మామూలుగా ఆ వేళకి ఆడవాళ్లు బుట్టలతో ఏరుకుంటూ ఉంటారు. ఎవరూ లేరు. ఏరేవాళ్లు లేక పూలు కుళ్లి, దారంతా మత్తు వాసన. మా ఆయన నా వైపు చూశారు. నేను చూడనట్టు నటించాను.

కొండ దిగి ఊరు కనబడేసరికి ఎండ నెత్తికెక్కింది. పొలిమేరలో దారికి రెండు పక్కలా రెండు గుంజలు పాతి, మధ్యలో ఆకులు గుచ్చిన తాడు కట్టి, కింద ముళ్లకంప పేర్చి ఉంది. ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి. వాడను కూడా లేదు.

గుంట దాన్ని చూసి చప్పట్లు కొట్టింది. "పంతులుబాబూ, పండగొచ్చేసింది! దారి కట్టేసినారు!" అని వెనక్కి పరిగెత్తుకొచ్చి ఆయన ముందు చేయి చాపింది. "కానీ ఇయ్యి బాబూ. ఇత్తేగాని ఒగ్గరు."

ఆయన జేబులో చేయి పెట్టి ఒక కానీ తీసి ఇచ్చారు. ఎందుకిచ్చారో ఆయనకీ తెలియదు. ఆ పిల్ల అది పట్టుకుని కంప దగ్గర నిలబడి తల్లిని కేకేసింది.

మొదట ఒక ముసలాయన వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆయనే దిసారి అని తర్వాత తెలిసింది. ఆ వెనక తండ్రి వచ్చాడు. చాలా వెనగ్గా, చంటిబిడ్డను చంకన వేసుకుని తల్లి. తండ్రి కంపకి ఇవతలగా రాలేదు. కూతుర్ని చూసి ఆయన మొహం వెలిగింది, మరుక్షణం ఆరిపోయింది.

"ఎందుకు తెచ్చినావు బాబూ?"

"సెలవులిచ్చేశామయ్యా. నీ చేతిలో పెడతానన్నాను కదా."

"పొద్దున్నే కట్టినాము. అవతలూరికి ఒచ్చినాదని."

"పిల్ల బాగుంది. ఒంట్లో ఏమీ లేదు. కావలిస్తే చూడు. ఒక్కసారి కంప పక్కకి జరపండి, నేను ఇచ్చేసి పోతాను."

ముసలాయన ఏదో అన్నాడు. తండ్రి తల అడ్డంగా ఊపాడు. "కట్టినాక తియ్యకూడదు. నా గుంట కోసరం తీస్తే రేపు ఊల్లో ఏటైనా అయితే నా పేరే సెప్తారు."

"నీకు మాటిచ్చానయ్యా!" మా ఆయన గొంతు పెద్దదైంది. ఆయన అరవడం నేను అదే మొదటిసారి వినడం.

"ఇచ్చినావు. నువ్వు తెచ్చినావు. నాను సెయ్యి సాపలేను బాబూ."

ఈ మాటలవుతుండగానే గుంటకి సంగతి అర్థమైంది. ఇది పండగ కాదని. కంప కింద ఖాళీ చూసుకుని బోర్లా పడి పాకడం మొదలుపెట్టింది. తండ్రి వాళ్ల భాషలో గట్టిగా కసిరాడు. ఆగలేదు. అప్పుడు ఆయన వంగి మట్టిగడ్డ తీసి విసిరాడు. అది పిల్ల పక్కన పడింది. మళ్లీ తీసి విసిరాడు, అది భుజానికి తగిలింది. ఇంకొకటి తీశాడు. ఊళ్లోకి వచ్చిన కుక్కను తరిమినట్టు తరిమాడు సొంత బిడ్డని. నేను ఆమె కాళ్లు పట్టుకుని ఇవతలికి లాగేశాను. చేతులన్నీ ముళ్లు గీరుకుపోయి రక్తం కారుతోంది. ఆ మనిషిని ఆ క్షణాన నేను అసహ్యించుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా.

గుంట ఏడవలేదు. లేచి నిలబడి ఉప్పు పొట్లం కంప మీంచి అవతలికి విసిరింది. అది దారి మధ్యన పడి, ఆకు విడిపోయి, ఉప్పు కొంచెం ఒలికింది. ఎవరూ తీయలేదు. మేం వెనక్కి తిరిగి కొండ ఎక్కాం. మొదటి మలుపు దగ్గర వెనక్కి చూస్తే తండ్రి అక్కడే, చేతిలో ఇంకా ఆ మట్టిగడ్డతోనే నిలబడి ఉన్నాడు.

ఆపైన మేం ముగ్గురం అంత పెద్ద సాల్లో మిగిలాం. సంత ఆగిపోయింది. కోమటాయన వదిలిన బస్తా ముగ్గురికి చాలా కాలం వచ్చింది. చైత్రం వచ్చింది, పోయింది. ఎక్కడా పాటలు లేవు. దారులు కట్టిన ఊళ్ల నుంచి కబురు రాదు. డప్పులు మాత్రం వినబడేవి, ఇవాళ ఈ కొండ మీంచి, రేపు ఆ కొండ మీంచి. అమ్మవారిని సాగనంపడానికి కొడుతున్నారని ఆ గుంట చెప్పేది. ఒక్కో ఊరి డప్పు ఆగిపోయినప్పుడల్లా అమ్మవారు వెళ్లిపోయిందో, కొట్టేవాడే పోయాడో తెలిసేది కాదు. మా ఆయన వాకిట్లో కూర్చుని, పంపేసిన పిల్లల పేర్లు ఒక్కొక్కటీ పైకి అంటూ ఉండేవారు. మానమని చెప్పాను. మానలేదు.

తొలకరి పడ్డాక దారులు ఒక్కొక్కటే విప్పారు. అప్పుడు తెలిసింది. మేం ముందుగా మూసి, ఊళ్లు కట్టకముందే ఇళ్లకు చేర్చిన పిల్లలు చక్కగా ఇళ్లకు చేరారు. వాళ్ల వెనకాల దారులు కట్టేశారు. లోపల అప్పటికే ఉన్న జబ్బుతో కలిపి కట్టేశారు. ఎక్కాల గుంటడి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. మళ్లీ బడి తెరిచేసరికి సాల్లో సగం చాపలు చుట్టినవి చుట్టినట్టే గోడకు ఆనించి ఉన్నాయి. మా బళ్లో మాత్రం ఒక్కరికి కూడా జబ్బు రాలేదు. రావడానికి ఉన్నది ఒక్క గుంటే కదా.

ఉంచేసి ఉంటే అందరూ బతికేవారా? ఏమో. తిండి చాలేది కాదు. సంతలోంచి ఎవడో ఒకడు జబ్బు పట్టుకొస్తే ఆ ఒక్క కప్పు కింద ఒక్కరూ మిగిలేవారు కాదేమో. ఈ లెక్క మా ఆయన ఎన్నిసార్లు వేశారో, ఎన్ని రకాలుగా వేశారో నాకు తెలుసు. ఏ రకంగా వేసినా తేలలేదు. వానాకాలం వెళ్లాక ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, పైవాళ్ల ఉత్తర్వు కోసం చూడకుండా సమయానికి బడి మూసినందుకు మా ఆయన్ని మెచ్చుకుని, ముందుచూపు గల మనిషని భుజం తట్టి వెళ్లారు. ఆ పూట ఆయన అన్నం ముట్టుకోలేదు.

ఈ ఇన్‌స్పెక్టరు రాకముందే, దారి విప్పారని తెలిసిన రోజునే, గుంటని తీసుకుని మళ్లీ తూర్పు కొండ ఎక్కాం. పొలిమేరలో గుంజలు ఉన్నాయి, కంప తీసేశారు. ఆ ఊరివాళ్లు కట్టింది సరిగ్గానే కట్టారు. కాకపోతే కట్టకముందే పెళ్లికి పోయి వచ్చినవాడెవడో లోపలే ఉన్నాడు. ఊళ్లో సగం ఇళ్లకు పొగ లేదు. గుంట వాళ్ల ఇంటిముందు అరుగు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మొహం నిండా మశూచి మచ్చలు. కళ్లు రెండూ పోయాయి. అడుగుల చప్పుడు విని తల ఎత్తేదాకా ఆయన్ని నేను ఆనవాలు పట్టలేదు.

"ఎవులు?"

మా ఆయన పిల్ల చేయి పట్టుకుని ఆ తండ్రి చేతిలో పెట్టారు.

ఆయన కాసేపు ఆ చేతిని అలాగే పట్టుకున్నాడు. తర్వాత రెండు చేతులతో పిల్ల మొహం తడిమాడు. నుదురు, కళ్లు, ముక్కు, బుగ్గలు. మళ్లీ బుగ్గలు.

"మచ్చల్లేవు" అన్నాడు.

"లేవయ్యా."

"ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేదు."

గుంట ఇంట్లోకి తొంగిచూసి, "అమ్మేదీ?" అంది. ఆయన ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "నువ్వు ఇసిరిన ఉప్పు మీ యమ్మ ఏరుకున్నాదే" అన్నాడు. "మీరు కొండెక్కినాక ఎల్లి, మట్టిలోది కూడా ఏరుకున్నాది."

అప్పుడు ఆ మనిషిని నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి కుళ్లికుళ్లి ఏడ్చాను. మా ఆయన ఏదో చెప్పబోయారు. క్షమించమనో, మరేమిటో. ఆ తండ్రి వినిపించుకోలేదు. కూతురి చేతిని వెతికి పట్టుకుని, మళ్లీ మా ఆయన చేతిని వెతికి, అందులో పెట్టాడు.

"తీసుకుపో బాబూ. ఈపాలి మాత్రం సెలవులియ్యకు."

ఆ కుర్ర పంతులమ్మ నిన్న మళ్లీ వచ్చింది. నా మీద అలిగినట్టు లేదు. వాళ్ల హెడ్మాస్టరు వారం రోజులు బడి మూసేశారట, జబ్బు తగ్గిపోయిందట, పిల్లలు తిరిగొచ్చేశారట. మంచి పని చేశారన్నాను. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆమె ఇంకేవో కబుర్లు చెబుతూనే ఉంది.

"అందరూ వచ్చారా?" అని అడిగాను.

"వచ్చారండీ. ఇందాకే చెప్పాను కదా."

అవును, చెప్పింది. అయినా మళ్లీ అడిగాను.